టీఎక్సార్ గారి సంచులు

మా ఇంట్లో ఉల్లిపాయలు పోసుకునే సంచిలోకి నీళ్ళు దిగవు. హిమాలయాల్లో కుండపోత వానలో కూడా లోపలి బట్టలు తడవవని దాని మీద అచ్చేసి ఉంది. దాని జత సంచిలో పాత పేపర్లు ఉన్నాయి. మంచం కింద ఇంకో జత, అటక మీద మరో జత. అన్నిటి మీదా తెల్ల సుద్దతో కొట్టిన పెద్ద ఇంటూ మార్కు. ఇవన్నీ మోటర్‌సైకిల్‌కి రెండు పక్కలా వేసుకుని వేల కిలోమీటర్లు తిరిగేవాళ్ళ కోసం కుట్టిన సంచులు. మా ఇంట్లో మాత్రం వాటిలో దూర ప్రయాణం చేసినవి ఉల్లిపాయలే, అవి నాసిక్ నుంచి వచ్చాయి కాబట్టి.

ఈ ఘనకార్యం మా ఆయన ఆదిబాబు గారిది. టాటానగర్ యార్డులో ముప్పై నాలుగేళ్ళు టీఎక్సార్‌గా చేసి రిటైరయ్యారు. టీఎక్సార్ అంటే రైలుబండ్లని పరీక్ష చేసే మనిషి. వ్యాగన్ల కింద దూరి ఏది విరిగింది, ఏది వదులైంది, ఏది వేడెక్కింది అని వెతకాలి. లోపం కనబడితే ఆ వ్యాగన్ ఒంటి మీద సుద్దతో ఇంటూ కొట్టి 'సిక్' అని రాయాలి. సిక్ అయిన వ్యాగన్‌ని విడదీసి రిపేరు లైన్లోకి నెట్టేసి, మిగతా బండిని పంపించెయ్యాలి. ఈ రూలులో మొదటి సగం మా ఆయనకి ఒంటబట్టినంతగా రెండో సగం ఒంటబట్టలేదు.

నా పేరు పద్మకుమారి. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మేముండే సీతారాండేరా నుంచి స్కూలుకి ఇరవై ఎనిమిదేళ్ళుగా స్కూటరు మీదే తిరుగుతున్నాను. గేర్ల స్కూటర్లు ఉన్న రోజుల్లో నేర్చుకున్నదాన్ని, లైసెన్సు కూడా గేర్ల బండిదే. ఈ సంగతి తరవాత పనికొస్తుంది కాబట్టి చెబుతున్నాను, గొప్పకి కాదు.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఏడాదికి రెండుసార్లు రైల్వే పాసు మీద మా ఇచ్ఛాపురం వెళ్ళొస్తూనే ఉన్నాం. ఆ దారంతా నాకు కిటికీ ఊచల మధ్య నుంచే తెలుసు. స్టేషన్ వస్తే మిగతా మొగుళ్ళు దిగి టీ తెచ్చేవారు, పెరుగువడ తెచ్చేవారు. మా ఆయన దిగి మా పెట్టె చక్రాలు చూసి వచ్చేవారు. "బోగీ బాగానే ఉంది" అని చెప్పేవారు, నేనేదో అడిగినట్టు.

ఒకసారి చిల్కా సరస్సు పక్కన, రంభ స్టేషన్‌కి ఇవతల, సిగ్నల్ లేక మా బండి నలభై నిమిషాలు ఆగిపోయింది. కట్ట దిగి నాలుగడుగులు వేస్తే నీళ్ళు. మా అమ్మాయి ఇంద్రాణికి అప్పుడు ఆరేళ్ళు. చాలామంది దిగి పిల్లల కాళ్ళు తడిపి తీసుకొస్తున్నారు. మనమూ వెళ్దామని అడిగాను. "సిగ్నల్ పడిపోద్ది, కూకో" అన్నారు. సిగ్నల్ పడిపోతుందని నలభై నిమిషాలూ కూర్చున్నాం. ఇంద్రాణి ఊచలు పట్టుకుని ఏడ్చింది, నేను అది కూడా చెయ్యలేకపోయాను.

అప్పటినుంచీ నాకొక కోరిక. ఆ దారిలో రోడ్డు మీద వెళ్ళాలి. నాకు ఆగాలనిపించిన చోట ఆగాలి. రంభ దగ్గర నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవాలి, లేవాలనిపించినప్పుడు లేవాలి. అంతకన్నా ఏమీ లేదు. ఇంత చిన్న కోరిక కాబట్టే మా ఇంట్లో ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మూడేళ్ళ కిందట రిటైరైన రోజున మెడలో దండలతో, యార్డు వాళ్ళందరి ముందూ మా ఆయన మైకు పట్టుకున్నారు. "ఇంక రైలెక్కను. బండి కొంటాను. మా పద్మని ఎనకాల కూకోబెట్టుకుని చిల్కా మీదుగా ఇచ్ఛాపురం తీసుకుపోతాను" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నమ్మాను. ముప్పై ఏళ్ళు కాపరం చేసి కూడా నమ్మానంటే తప్పు నాదే.

బండి కొన్నారు, నల్లటి బుల్లెట్టు. ఇంక సంచులే మిగిలాయి. ఇనప పెట్టెలు వద్దని, మెత్తటి సంచులే మంచివని ఆయనే తేల్చారు. బండి పక్కకి పడితే ఇనప పెట్టె కింద కాలు నలుగుతుంది, మెత్తటి సంచైతే అదే నలుగుతుంది. పైగా తేలిక, బండికి ఫ్రేములు బిగించే పని లేదు. సీటు మీదుగా పట్టీలు వేసి అటొకటి ఇటొకటి వేలాడదీస్తే చాలు, వెనక మనిషి ఆ పట్టీల మీదే కూర్చోవచ్చు. ఇంతవరకూ బుద్ధిమంతుడి మాటే, కాదనను. ఆ తరవాతే ఆ బుద్ధి ఎటు పోయిందో తెలీదు.

మొదటి జత వచ్చింది. మేడ మీదికి తీసుకెళ్ళి, లోపల పాత పేపర్లు కుక్కి, నీళ్ళ గొట్టం తెచ్చి నలభై నిమిషాలు తడిపారు. తరవాత లోపల చెయ్యి పెట్టి మూలమూలా తడిమి, "ఇదిగో, చెంచాడు నీళ్ళు!" అని కేక వేశారు. ఆ మొహంలో వెలుగు చూడాలి. కూతురు పుట్టినప్పుడు కూడా అంత వెలుగు లేదు. జేబులోంచి సుద్ద తీసి ఇంటూ కొట్టారు. సంచి తిప్పి పంపిద్దామని చూస్తే, మార్కు పడిన సరుకు వాపసు తీసుకోబోమని కంపెనీ వాళ్ళు చెప్పేశారు. ఆ గరుకు గుడ్డ మీంచి సుద్ద ఎంత తోమినా పోలేదు. దీంతో ఎవరికైనా బుద్ధి వస్తుంది. మా ఆయన మాత్రం రెండో జతకి కొత్త సుద్దపెట్టె కొన్నారు.

రెండో జతకి నీటి పరీక్షతో పాటు రోలింగ్ పరీక్ష కూడా మొదలైంది. బండి స్టేషన్‌లోకి వస్తున్నప్పుడు టీఎక్సార్ పట్టాల పక్కన గొంతుక్కూర్చుని, తన ముందు నుంచి దొర్లిపోయే చక్రాలనీ కింద వేలాడే సామాన్లనీ చూస్తాడు, చెవితో వింటాడు. నిలబడ్డ బండిలో దొరకని లోపం కదిలే బండిలో దొరుకుతుందట. సంచులకీ ఇదే పరీక్ష పెట్టాలన్నారు. అయితే పరీక్ష చేసే మనిషి నేల మీద కూర్చోవాలి. మరి బండి ఎవరు నడపాలి?

"నువ్వే. స్కూటర్ నడుపుతావు కదా, ఇదేటి పెద్ద?" అన్నారు.

"రెండొందల కిలోలండీ. నా మీద పడితే?"

"అందుకే కదా మెత్తటి సంచులు" అన్నారు. హాస్యానికి కాదు, నిజంగానే అన్నారు.

అలా ప్రతి ఆదివారం ఊరవతల గమ్హరియా వెళ్ళేవాళ్ళం. సెలవు రోజు కాబట్టి ఫ్యాక్టరీల వెనక రోడ్డు ఖాళీగా ఉండేది. ఒక్కో సంచిలో ఎనిమిది కిలోల బియ్యం మూటలు. ఆయన ప్యాంటు మడిచి, చెవి మీద సుద్దముక్క పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చునేవారు. నేను బండి మీద ఆయన ముందు నుంచి వెళ్ళాలి, తిరగాలి, మళ్ళీ రావాలి.

"ఇరవైలో రా... ఇప్పుడు నలభైలో... బ్రేకెయ్యి... గుంతలోంచి తియ్యి, గుంత తప్పించకు! ఆగాగు, ఎడం పక్కది ఊగతంది."

"నా కంటికి ఏటీ ఊగలేదు."

"నువ్వు మీద కూకున్నావు, నీకేటి తెలుస్తాది?"

మొదటి రోజు రెండుసార్లు బండి పక్కకి ఒరిగింది, ఒకసారి నేనూ ఒరిగాను. ఆయన పరుగెత్తుకొచ్చి ముందు సంచినే చూశారు. పదో ఆదివారానికి భయం పోయింది. ఇరవయ్యో ఆదివారానికి గుంతలు నాకు వేళ్ళ మీద లెక్క. ఫ్యాక్టరీ వాచ్‌మన్ నన్ను చూసి "దీదీ ఆ గయీ", అక్క వచ్చేసిందని గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. బండి మీటరు మీద తిరిగిన కిలోమీటర్లలో సగానికి పైగా నావే. బండి ఎలా ఒంగుతుంది, బరువు వెనక్కి పోతే ముందు చక్రం ఎలా తేలిపోతుంది, సంచి కిందికీ ముందుకీ ఉంటే ఎంత నిబ్బరంగా ఉంటుంది, అన్నీ ఒంటికి తెలిసిపోయాయి. నేర్పింది ఆయనే. నేర్పుతున్నానని ఆయనకి తెలీదు, నేర్చుకుంటున్నానని నాకూ తెలీదు.

రెండో జత ఊగిందని సిక్. మూడో జత జిప్పు పళ్ళలో ఒకటి వంకరగా ఉందని సిక్. మొదటి ఏడాది దసరా పూజ సెలవులు జిప్పులకి పోయాయి. రెండో ఏడాది సెలవులు పట్టీల కుట్టు ఒంటి వరసా, రెండు వరసలా అన్న చర్చకి పోయాయి. అది భార్యాభర్తల చర్చ కాదు, ఆయనకీ ఫోనుకీ మధ్య చర్చ. ప్రపంచంలో ఎక్కడో ఎడారి దాటిన మనుషులు సంచుల గురించి మాట్లాడే వీడియోలన్నీ చూశారు. ఆ మనుషులు ఎడారి దాటారన్న సంగతి మాత్రం ఆయన కంటికి ఆనలేదు. ఫలానా వాడి కుడి సంచి కింద పట్టీ వేలాడుతోందని నాకు చూపించారు.

పూణెలో ఉన్న ఇంద్రాణికి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను. అది ఎప్పట్లాగే హిందీలో జవాబిచ్చింది. "మమ్మీ, పాపా తో జిందగీ భర్ చెక్ కర్తే రహేంగే. తుమ్ ఖుద్ చలీ జావో నా." నాన్న జన్మంతా చెక్ చేస్తూనే ఉంటారు, నువ్వే వెళ్ళిపో అని.

"ఏటా మాటలు? ఆయన నేకుండానా? నలుగురూ ఏటనుకుంటారు?"

"కౌన్ నలుగురూ?" అంది. 'నలుగురూ' అన్న ఆ ఒక్క మాటే తెలుగులో అంది.

ఇంక ప్రేమ్‌కుమార్ గురించి చెప్పాలి. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటాడు, టైర్ల దుకాణం నడుపుతాడు, ఈ ఊరి తెలుగు బుల్లెట్టు గుంపుకి పెద్ద. మోకాళ్ళకి చిప్పలు, మోచేతులకి చిప్పలు, వీపున తాబేలు డొప్పలాంటి జాకెట్టు తొడుక్కుని ఊరి పక్కనే ఉన్న డిమ్నా చెరువు దాకా వెళ్ళి టీ తాగి వస్తాడు. బండి మీద లడాఖ్ స్టిక్కరు ఉంది. మనిషి రాంచీ దాటలేదు. ఇలాంటివాడి సలహా కోసం మా ఆయన గంటలు గంటలు కూర్చునేవారు.

ఈ ఏడాది వానాకాలంలో ఒకరోజు అతనొక సంచి పట్టుకొచ్చాడు. గుర్రపు నాడా ఆకారం, వెనక సీటు మీద కూర్చోబెట్టి రెండు వైపులా దించి బిగించే రకం. ఊగదు, సైలెన్సర్‌కి తగలదు, అటూ ఇటూ వేరే సంచులు అక్కర్లేదు. మా ఆయన చుట్టూ తిరిగి తిరిగి చూశారు. నేను వంటింట్లోంచి పకోడీల పళ్ళెం తెస్తున్నాను.

"బాగానే ఉంది గానీ, మరి పద్మ ఎక్కడ కూకుంటాది?" అని అడిగారు మా ఆయన. అడిగారు, ఆ న్యాయం చెప్పుకోవాలి.

"వదినకేటి బాబూ, పాసుంది కదా? రైల్లో వచ్చేత్తారు. బెర్తు మీద హాయిగా తొంగుంటారు. మనం రోడ్డు మీద ఎల్దాం, అక్కడ కలుద్దాం" అన్నాడు ప్రేమ్‌కుమార్.

మా ఆయన ఒక్క నిమిషం ఆలోచించారు. "అదీ నిజవే" అన్నారు.

నాకు ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది. పకోడీలు ఇద్దరి ముందూ పెట్టి వచ్చేశాను. రెండు రోజులకి ఆ గుర్రపు నాడా సంచికి కూడా ఏదో కొక్కెం బాగాలేదని ఇంటూ కొట్టి, ప్రేమ్‌కుమార్‌కి తిరిగి ఇచ్చేశారు. అతని మొహం మాడిపోయింది. కానీ 'అదీ నిజవే' అన్న మాట మీద మా ఆయన ఇంటూ కొట్టలేదు. నేను కొట్టుకున్నాను, నా మనసులో.

ఆ సంచి తిరిగిచ్చిన రాత్రే చెప్పేశాను. "నాకు యాభై ఆరు. మోకాళ్ళు ఇంకా మాటింటన్నాయి. ఈ పూజ సెలవుల్లో ఎల్తే ఎల్దాం, నేకపోతే ఇంక నన్ను గమ్హరియా తీసుకెల్లొద్దు."

"అయ్యో, నేనొద్దన్నానా? సంచి ఫిట్ అయితే రేపే ఎల్దాం" అన్నారు. నాలుగో జతకి ఆర్డరు పెట్టారు.

నాలుగో జత మంచిది. నా కంటికే తెలిసింది. మందమైన గుడ్డ, నోరు చుట్టి బిగించే రకం, జిప్పే లేదు, రెండు వరసల కుట్టు. నీళ్ళ గొట్టం కింద గంట పెట్టినా చుక్క దిగలేదు. గమ్హరియాలో రెండు ఆదివారాలు తిప్పితే ఊగలేదు. మా ఆయన దిగులు పడిపోయారు. అన్నం సరిగ్గా తినలేదు. లోపం దొరకని సంచి ఆ మనిషిని అంత బాధపెడుతుందని నేను అప్పుడే చూశాను.

"గమ్హరియా రోడ్డు మీద నలభై, యాభై దాటలేం కదండీ. హైవే మీద స్పీడులో చూడాల కదా" అన్నాను నేనే.

మొహం విప్పారింది. "కరెక్టు! అదే నేననుకుంటన్నాను" అన్నారు.

సెలవులు మొదలైన ఆదివారం తెల్లవారుతూనే లేచి సంచులు నేను సర్దాను. బియ్యం మూటలు తీసి పక్కన పెట్టాను. ఎడం సంచిలో నా బట్టలు, బీపీ మాత్రలు, తువ్వాలు. కుడి సంచిలో ఆయన చొక్కాలు, రెండు లుంగీలు, గెడ్డం సామాను, ఆయనకి నీళ్ళు మారితే వేసుకునే మాత్రలు. స్ప్రింగు త్రాసుకి తగిలించి రెండూ సమానంగా తూగేలా చూశాను, ఆయన చూసేది అదొక్కటే. గ్యాసు కట్టేశాను, పాలవాడికి పది రోజులు వద్దని చెప్పాను, తలుపుకి తాళం వేశాను.

"లోడు నేనే కట్టాను. ఈయాల ఫిట్ అయితే అట్నుంచి అటే ఎలిపోదాం" అన్నాను బండి దగ్గర.

"ముందు చూడనియ్యి" అన్నారు త్రాసు వంక చూస్తూ. సంచి మూత విప్పి చూడాలని ఆయనకి తోచలేదు.

ఊరి బయట భిలాయి పహాడీ దాటాక ఘాట్‌శిలా వైపు హైవే సాఫీగా ఉంటుంది. లారీలు కూడా ఆ వేళ తక్కువ. అక్కడ ఆయన దిగి, ప్యాంటు మడిచి, గట్టు మీద గొంతుక్కూర్చున్నారు. నేను డివైడర్ సందులోంచి వెనక్కి వెళ్ళి మళ్ళీ ఆయన వైపు వచ్చాను. మొదటిసారి యాభైలో, తరవాత అరవైలో, ఆఖరిసారి డెబ్బైలో. డెబ్బైలో ఆయన ముందు నుంచి వెళ్ళినప్పుడు బండి కింద రోడ్డు పట్టుగుడ్డ పరిచినట్టు ఉంది. ఈ సంచికి ఏ లోపమూ లేదని నా ఒళ్ళే చెప్పింది. ఈ పూట వెళ్తున్నామని గట్టిగా అనుకున్నాను.

బండి పక్కకి తీసి ఆపాను. ఆయన వచ్చి ఎడం వైపు మోకాళ్ళ మీద కూర్చుని, పట్టీలు లాగి, కుట్టు తడిమి, లేచారు.

"ఎడం పక్కది ఫిట్. ఫస్ట్ క్లాస్."

మూడేళ్ళలో మొదటిసారి విన్నాను ఆ మాట. తరవాత కుడి వైపు వెళ్ళారు. సైలెన్సర్‌కీ సంచి అడుగుకీ మధ్య చెయ్యి దూర్చారు. చాలాసేపు అలాగే ఉన్నారు. లేచేసరికి మొహంలో ఆ పాత వెలుగు.

"రెండు వేళ్ళ సందే ఉంది. మూడు వేళ్ళు ఉండాల, నేకపోతే వేడికి సంచి కాలిపోద్ది."

"రేకు ముక్క కట్టుకుంటే సరిపోద్ది కదండీ. అందరూ కట్టుకుంటారు. దార్లో ఏ వెల్డింగు షాపోడైనా కట్టిచ్చేత్తాడు."

"అందరి సంగతి నాకెందుకు? డౌటు పెట్టుకుని బండి పంపించను నేను. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో పంపలేదు" అన్నారు. "ఇంకో రకం చూశాను, పైకి కుదించి కుట్టినాడు. ఆర్డరు పెట్టేత్తాను. కార్తీకంలో ఎల్దాం."

"కార్తీకంలో నాకు సెలవుల్లేవు."

"అయితే ఎండాకాలం. ఏటి తొందర?"

చెవి మీంచి సుద్ద తీసి, కుడి సంచి మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఒక గీత, ఆ మూల నుంచి ఈ మూలకి ఒక గీత, నిదానంగా కొట్టారు. తన చొక్కాలున్న సంచి మీదే కొట్టుకుంటున్నానని ఆయనకి తెలీదు.

నాకు కోపం కూడా రాలేదు. కోపం వచ్చే దశ ఎప్పుడో దాటిపోయింది. ఇంతటి మనిషిని చూసి ఏదో గొప్ప పనితనం అనుకుని ముప్పై ఏళ్ళు తల వంచానే అని నా మీదే చులకన పుట్టింది. హెల్మెట్ తీసి బండి మీద పెట్టి అడిగాను.

"సిక్ అయినదాన్ని మీ యార్డులో ఏటి చేత్తారు?"

"తెలీదేటి నీకు? కట్ చేసి సిక్ లైన్లో ఎడతారు."

"మిగతా బండిని?"

ఆయన నా వంక చూశారు. రూలు అడిగితే అబద్ధం చెప్పలేని మనిషి.

"పంపించెయ్యాల" అన్నారు.

సీటు మీది పట్టీలు చర్రున ఊడదీశాను. కుడి సంచి దించి, ఆయన కాళ్ళ దగ్గర గట్టు మీద పెట్టాను. ఎడం సంచి ఎత్తి, ఖాళీగా ఉన్న వెనక సీటు మీద పడుకోబెట్టి, ఊడిన ఆ పట్టీలతోనే బిగించాను. మూడేళ్ళు ఆ సీటు నాదని కాచుకున్నాను. అందులో నా సంచి ఎంత చక్కగా సరిపోయిందో.

"ఏటి చేత్తన్నావే?"

"ఫిట్ అయినదాన్ని పంపించేత్తన్నాను."

"మరి నేను?"

"మీ బట్టలు అందులోనే ఉన్నాయి."

"బట్టలా? బియ్యం కాదేటి?" అని కిందికి ఒంగి సంచి మూత విప్పారు. పైనే ఉంది ఆయన నీలం చొక్కా, ఇస్త్రీ మడతతో. దాని మీద గెడ్డం సామాను డబ్బా. దాన్ని చేతిలోకి తీసుకుని లేచారు. ఇంటి తాళంచెవి ఆ డబ్బా మీద పెట్టాను. నాకు జాలి వేసింది, దాచుకోను. కానీ అక్కడే నిలబడితే ఆ జాలి నన్ను వెనక్కి తీసుకుపోతుంది. హెల్మెట్ పెట్టుకుని, బండి స్టార్ట్ చేసి గేరు వేశాను.

పాతిక గజాలు పోయానో లేదో వెనక నుంచి కేక వినపడింది. "పద్మా! ఆగు!" అని కాదు.

"పద్మా! ఎనకాల పట్టీ ఏలాడతంది!"

ఆగలేదు. మూడేళ్ళు ఆ కేకకి ఆగాను, ఇంక ఆగనని పళ్ళు బిగించాను. అద్దంలో ఆయన గట్టు మీద నిలబడే ఉన్నారు, ఒక చేతిలో డబ్బా, ఇంకో చేతిలో సుద్ద.

దారిలో గాలూడీ అనే ఊళ్ళో టీ కొట్టు ముందు ఆపాను. టీ చేతికి వచ్చేలోపు ఫోను మోగింది. తిడతారనుకున్నాను, బతిమాలతారనుకున్నాను.

"పట్టీ చూసుకున్నావా?" అన్నారు.

వెనక్కి వెళ్ళి చూశాను. జానెడు పట్టీ జారి చక్రం వైపు వేలాడుతోంది. ఇంకో పది కిలోమీటర్లు పోతే గొలుసులో పడేదే. ఆయన చెప్పింది నిజమే. ఆయన పట్టిన లోపాలు ఎప్పుడూ నిజమైనవే. చెంచాడు నీళ్ళూ నిజమే, వంకర పన్నూ నిజమే, రెండు వేళ్ళ సందూ నిజమే. ఆ నిజాలన్నీ కలిసి నా మూడేళ్ళు తినేశాయి. పట్టీ లోపలికి దోపి ముడి వేశాను.

"దోపేశాను" అన్నాను.

"ఊఁ" అన్నారు. వెనకాల లారీలు పోతున్న చప్పుడు. ఇంకా అక్కడే ఉన్నారన్నమాట. "మరి నేనెలగ రావాల?"

"పాసుంది కదండీ. రైల్లో వచ్చేయండి. రంభలో దిగండి. రేపు సాయంత్రం నుంచి నీళ్ళ దగ్గరే ఉంటాను, రెండు రోజులు."

అవతల ఆలోచిస్తున్నారు. మూడేళ్ళుగా సంచుల గురించి ఆలోచించిన ఆ శ్రద్ధతోనే ఆలోచిస్తున్నారని నాకు తెలుసు. ఒప్పుకుంటాను, ఆ కొద్దిసేపూ నేను ఆశపడ్డాను.

"రంభలో ఎక్స్‌ప్రెస్ ఆగదే" అన్నారు.

"ఒకపాలి ఆగింది కదండీ, నలభై నిమిషాలు. మీరే దిగలేదు."

ఫోను సంచిలో పడేసి, మిగిలిన టీ తాగి, బండి ఎక్కాను.